పాంకోళ్ళు పీటెక్కాయి, మరుగోళ్ళు బురదలో దిగాయి

క్లుప్తంగా: హాలండులో చెక్కచెప్పు రైతు పనిముట్టు. ఇక్కడ, ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దు జిల్లాల తెలుగువాళ్ళకు చెక్కచెప్పు, అంటే పాంకోడు, పెళ్ళిపీటల దగ్గరా పూజగదిలోనూ కనిపించే వస్తువు. తోలు పట్ల ఉన్న అంటు ఇందుకు ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం పాంకోటి నిర్మాణంలోనే ఉంది: బురదలో దిగబడితే దాన్ని పైకి లాగే పట్టు రెండు వేళ్ళ సందున మాత్రమే ఉంది. వానాకాలపు బురదకు ఈ ప్రాంతం వేరే చెక్కకాలు చేసుకుంది. అవే మరుగోళ్ళు, అంటే ఎక్కి నడిచే పొడుగు కర్రలు.

ఒక మాట కింద మూడు వస్తువులు

చెక్కచెప్పులు అనగానే మూడు వేర్వేరు వస్తువులు కలగాపులగం అవుతున్నాయి. కాలికి తొడిగి నడిచేవి పాంకోళ్ళు. పావుకోళ్ళు అనీ అంటారు. పర్లాకిమిడి, బరంపురం వైపు ఒడియావాళ్ళు వీటిని కఠౌ అంటారు. కిన్వట్, ధర్మాబాద్ వైపు మరాఠీవాళ్ళకు ఇవే ఖడావా. పూజలో ఉంచేవి పాదుకలు. వాటిని ఎవరూ తొడగరు. చెక్కవే కానక్కర్లేదు, వెండివీ రాతివీ కూడా ఉంటాయి. మూడోది మరుగోళ్ళు. రెండు పొడుగు వెదురు కర్రలకు అడుగు నిలిపే మెట్టు కట్టి, దానిమీద నిలబడి నడిచే సాధనం.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్ళింది. పాతపట్నం ఇటు మిగిలింది. రెండూ పక్కపక్క ఊళ్ళే కాబట్టి పెళ్ళి సామాను కోసం జనం అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు. అడిగే పేరు మారుతుంది గాని వస్తువు అదే.

పాంకోటి నిర్మాణం

పాంకోటికి మూడే భాగాలు. పాదం ఆనే పలక, దాని కింద అడ్డంగా రెండు కాళ్ళు, బొటనవేలికీ పక్కవేలికీ మధ్య నిలిచే గుబ్బ. వారూ లేదు, తోలూ లేదు, మేకూ లేదు.

25 సెంటీమీటర్ల పాదానికి పలక 26 నుంచి 27 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే సరిపోతుంది. చిత్రిక పట్టాక మందం 2 సెంటీమీటర్లు మిగలాలి. కాళ్ళ ఎత్తు మూడున్నర సెంటీమీటర్లు, మందం రెండున్నర, వెడల్పు 8. ముందు కాలు వేళ్ళ మొదట ఉండే మెత్త కిందికీ, వెనక కాలు మడమ నడుమకూ రావాలి. ముందు కాలు ఒక వేలెడు వెనక్కి జరిగిందంటే, అడుగు వేయడానికి ఒరిగినప్పుడల్లా పలక ముక్కు నేలకు కొట్టుకుంటుంది. నడిచేవాడు ముందుకు తూలతాడు.

తయారీ రెండు రకాలు. మొదటిది ఒకే దుంగముక్కలోంచి తీయడం. 28 సెంటీమీటర్ల పొడవు, పదిన్నర వెడల్పు, 6 ఎత్తు ఉన్న దిమ్మె తీసుకుని రెండు కాళ్ళ మధ్య చెక్కను రంపంతో గాట్లు పెట్టి, బాడితతో దింపి, ఉలితో చదును చేస్తారు. రెండోదానిలో పలక వేరు, కాళ్ళు వేరు. పలక అడుగున గాడి తీసి, కాళ్ళను పక్కనుంచి తోసి బిగిస్తారు. మొదటిది చూడటానికి అందం. రెండోది వాడటానికి మేలు, ఎందుకంటే అరిగిన కాలు తీసి కొత్తది వేయవచ్చు.

గుబ్బ దగ్గరే పనితనం తెలుస్తుంది. పలక ముందు అంచు నుంచి సుమారు 5 సెంటీమీటర్ల వెనక, నడిమి గీత నుంచి ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లు బొటనవేలి వైపు జరిపి 12 మిల్లీమీటర్ల బెజ్జం వేయాలి. గుబ్బను తరిణె మీద, అంటే కొయ్యను తిప్పుతూ నునుపు చేసే సాధనం మీద పట్టాలి. తల వెడల్పు 28 నుంచి 30 మిల్లీమీటర్లు, మెడ సన్నం, పలకపైన ఎత్తు మూడున్నర సెంటీమీటర్లు. కాడను బెజ్జంలోంచి కిందికి దింపి, కింది కొసలో చీలిక చేసి చీల కొడతారు. కాడలో చెక్క ఈనెలు (పోగులు) నిలువుగా ఉండాలి. అడ్డంగా ఉంటే నాలుగు రోజుల్లో మెడ దగ్గర పుటుక్కున విరుగుతుంది.

చాలా దుకాణాల్లో గుబ్బను నట్టనడుమ పెట్టిన జతలే దొరుకుతాయి. కుడి ఎడమల తేడా లేకుండా ఒకే అచ్చులో దించేయడం తేలిక కాబట్టి అలా చేస్తారు. వాటిని తొడిగితే చిటికెనవేలు పలక బయటికి వేలాడుతుంది. పీట మీద పెట్టి కుంకుమ వేయడానికైతే అడ్డేమీ లేదు.

కొయ్య ఎంపిక, విరిగే చోట్లు

ఆదిలాబాద్ వైపు అందరి నోటా వచ్చే కొయ్య టేకు. పైన చెప్పిన కొలతలతో ఒక్క పాంకోడు టేకులో 350 నుంచి 400 గ్రాములు తూగుతుంది. గుమ్మడి టేకు అనే వేరే కొయ్యతో చేస్తే మూడోవంతు దాకా బరువు తగ్గుతుంది. ఒడియాలో గంభారి, మరాఠీలో శివణ్ అనేది ఈ చెట్టునే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు పనస కూడా పనికొస్తుంది. నిర్మల్ బొమ్మలు చేసే పొనికి మాత్రం దీనికి తగదు. అది గోరుతో నొక్కితే గుంట పడేంత మెత్తన. బొమ్మకు ఆ మెత్తదనమే గుణం. మనిషి బరువు మోసే కాలికి అదే లోపం. తుమ్మ గట్టిది, కాని బరువు. దాన్ని కింది కాళ్ళకు మటుకే వాడితే జత ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఒకే దిమ్మెలోంచి తీసిన పాంకోటికి పుట్టుకతోనే ఒక బలహీనత ఉంది. చెక్క ఈనెలు పలక పొడవునా సాగుతాయి. కాలూ పలకా కలిసే చోట కూడా ఈనెలు అడ్డంగానే ఉంటాయి గనుక, అడుగు వేసినప్పుడు ముందుకూ వెనక్కూ పడే తోపుకు కాలు ఈనె వెంట పొరలా ఊడివస్తుంది. మూలను మట్టంగా, కోసుగా చెక్కితే పగులు అక్కడే మొదలవుతుంది. అరచేతి గుంటలా గుండ్రంగా వదిలితే తోపు ఒకచోట పేరుకోదు. విరిగిన పాత పాంకోళ్ళు కంటపడితే ఈ మూల చూడండి. ఎక్కువగా కథ అక్కడే తెలుస్తుంది.

రెండో బెడద వాతావరణం. వంశధార, మహేంద్రతనయ నదుల లోయల్లో వానాకాలపు గాలి చెమ్మది. అక్కడ సగం ఆరిన చెక్కతో చేసిన జత ఏప్రిల్‌లో ఆదిలాబాద్ ఎండకు చేరితే కుంచించుకుపోతుంది. పొడవునా చెక్క పెద్దగా తగ్గదు, అడ్డంగానే తగ్గుతుంది. దాంతో గుండ్రని బెజ్జం కోలగా మారుతుంది, కాడ సన్నబడుతుంది, గుబ్బ గిరగిరా తిరుగుతుంది. అందుకే దిమ్మెలను నీడలో, గాలి ఆడేలా పేర్చి నెలల తరబడి ఆరబెట్టాలి. రెండు కొసలకూ మైనమో పేడో పూస్తే కొసలు పగలవు.

బురదలోంచి పైకి లాగేది ఏది?

పాంకోడు పొలంలోకి ఎందుకు దిగలేదో తెలియాలంటే లెక్క కొంచెం చూడాలి. అడుగు వేసేటప్పుడు ఒక క్షణం ఒళ్ళంతా ఒక్క కాలి మీదే ఉంటుంది. 60 కిలోల మనిషి వట్టికాలితో నిలిస్తే నేలను తాకే మేర సుమారు 100 చదరపు సెంటీమీటర్లు. ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 600 గ్రాములు. పాంకోటి కింది కాళ్ళు రెండూ కలిపి 40 చదరపు సెంటీమీటర్లే కాబట్టి ఒత్తిడి కిలోన్నర అవుతుంది. దమ్ము చేసిన మడిలో వట్టికాలే పిక్కలదాకా దిగుతుంటే, రెండున్నర రెట్లు ఒత్తిడి పెట్టే పాంకోడు ఇంకా లోతుకు పోతుంది. తీరా కాలెత్తబోతే మట్టి దాన్ని పీల్చి పట్టుకుంటుంది. లాగే శక్తి రెండు వేళ్ళ సందులో ఉన్న గుబ్బ దగ్గరే ఉంది. కాలు వస్తుంది, పాంకోడు రాదు.

రేగడి నేలలో ఇంకో తంటా. తడి రేగడి రెండు కాళ్ళ నడుమ సందులో కూరుకుని, నాలుగడుగులకే పాంకోడు మట్టిముద్ద అవుతుంది. అందుకే పత్తి చేలల్లో కిర్రుచెప్పులు, తర్వాత టైరు చెప్పులు తిరిగాయి. వరి మడిలో మాత్రం వట్టికాలే.

డచ్చివాళ్ళ క్లోంపెన్ దీనికి పూర్తిగా తలకిందులు. అది చెప్పు కూడా కాదు, చెక్కలో తొలిచిన బూటు. పాదం పైభాగమంతా చెక్క కప్పేస్తుంది. లాగే బరువు పాదం మీద పరుచుకుంటుంది. అడుగు వెడల్పు ఎక్కువ, ముక్కు పైకి తిరిగి ఉంటుంది, లోపల మందపాటి మేజోళ్ళు. చన్నీటి బురద నేలల్లో అది కాలిని పొడిగా, వెచ్చగా ఉంచింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో దొరికిన ఒక క్లోంప్ సుమారు 1230 నాటిదని తేల్చారు. వాటిని పోప్లర్, విల్లో కొయ్యల్లో పచ్చిగా ఉండగానే తొలుస్తారు. గోడలు పలచన కాబట్టి తర్వాత ఆరినా అంతగా పగలవు. పాంకోటి దిమ్మెను పచ్చిగా ఉండగా చెక్కితే గుబ్బ బిగువు నిలవదు. క్లోంపెన్‌కు ఇప్పటికీ ఐరోపాలో రక్షణ పాదరక్షగా సీఈ గుర్తింపు ఇస్తున్నారు.

జపాను గెటాకు పాంకోటిలాగే కింద రెండు పళ్ళుంటాయి. గుబ్బ బదులు వేళ్ళ సందులోంచి రెండు పక్కలకూ సాగే వారు ఉంటుంది. ఆ వారు పాదం పైభాగాన్ని పట్టుకుంటుంది గనుక పలచటి బురదలో, మంచులో అది కాలితోనే పైకి లేస్తుంది. చైనాలో 385 నుంచి 433 దాకా జీవించిన కవి షియె లింగ్‌యున్ పేరుతో ఒక కొండ పాదుక ప్రసిద్ధం. కొండ ఎక్కేటప్పుడు ముందు పన్ను, దిగేటప్పుడు వెనక పన్ను ఊడదీసే ఏర్పాటు అది. వాలును చెప్పుతోనే సరిచేయడం!

మరి పాంకోటికి తగిన నేల ఏది? గట్టిగా, నున్నగా, తడిగా ఉండేది. బావిచప్టా, స్నానఘట్టం, మఠం మండువా, ఎండకు కాలే బండల పరుపు. తురుష్క స్నానశాలల్లో ఎత్తు చెక్కచెప్పులు వాడింది ఇందుకే. నీరు కిందే ఉండిపోతుంది, వేడి బండ కాలికి తగలదు, నీళ్ళతో కడిగేస్తే శుభ్రం. చెప్పులో దూరిన రాయి నలుపుతుందని వేమన అన్నాడు గాని, అంచుల్లేని పాంకోటి మీదికి రాయి వచ్చినా పక్కకు జారిపోతుంది.

మరుగోళ్ళు: చేత్తో లాగే చెక్కకాలు

వానాకాలంలో గోండు గూడేల సందుల్లో బురద నిండితే ఆదిలాబాద్ అడవుల్లో పిల్లలు మరుగోళ్ళెక్కుతారు. మనిషి ఎత్తు వెదురు కర్రలు రెండు. నేల నుంచి మూరెడు ఎత్తులో కణుపు పైన చిన్న మెట్టు పెట్టి తాడుతో బిగిస్తారు. కణుపు మీద ఆనించడం ముఖ్యం. కణుపుల మధ్య కట్టిన మెట్టు తాడు తడిసి సాగగానే కిందికి జారుతుంది.

కర్ర కొస ఆక్రమించే చోటు రూపాయి బిళ్ళకు కాస్త ఎక్కువ. ఒత్తిడి లెక్కన ఇది పాంకోటికంటే ఘోరం, కాబట్టి ఎక్కువగానే దిగుతుంది. అయినా పనిచేస్తుంది, ఎందుకంటే కర్ర పైభాగం చేతుల్లో ఉంటుంది. దిగబడినదాన్ని చెయ్యి పైకి లాగుతుంది, వేళ్ళకు ఆ పని లేదు. ఎక్కేవాళ్ళు తేలికైన పిల్లలే కావడమూ కలిసొస్తుంది.

వీటికి ఒక గడువు ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో హరేలీ నాడు గేడి పేరుతో ఇవే కర్రలెక్కుతారు. అక్కడి పంచాంగంలో అది శ్రావణ అమావాస్య. తెలుగు, మరాఠీ పంచాంగాల్లో అదే రోజు ఆషాఢ అమావాస్య. పౌర్ణమితో నెల ముగించే లెక్కకూ, అమావాస్యతో ముగించే లెక్కకూ ఉన్న తేడా అది. సరిహద్దు ఊళ్ళలో పండగ తేదీల గందరగోళం సగం ఇక్కడే పుడుతుంది. నెల తిరిగాక వచ్చే పొలాల అమావాస్య, అంటే పోలా, ఎద్దుల పండగ. దాని మర్నాడు మరుగోళ్ళను ఊరి పొలిమేరకు తీసుకెళ్ళి వదిలేస్తారు. వానాకాలపు రోగాలూ కీడూ వాటితోపాటే ఊరు దాటాలన్నది నమ్మకం. బురద తగ్గే రోజులకు బురద సాధనం పోవడం వాడకం లెక్కన కూడా సబబే.

తోలు కానిది, తొడగకూడనిది

సాంస్కృతికంగా పాంకోటి గౌరవం తోలు కాకపోవడంలోంచి వచ్చింది. చచ్చిన పశువు చర్మం మడికి పనికిరాదన్న లెక్కలో తోలుచెప్పు గడప బయటే ఆగింది. చెక్కచెప్పు వాకిలి దాటింది. ఆ లెక్కకు రెండో ముఖం కూడా ఉంది. తోలుపని చేసిన కులాలవాళ్ళే పై కులాల వీధుల్లో చెప్పులు చేతబట్టుకుని నడవాల్సి వచ్చింది. పాంకోటి పవిత్రత గురించి మాట్లాడేటప్పుడు ఈ ముఖాన్ని పక్కన పెట్టడం కుదరదు.

సన్యాసికి దండం, కమండలం, పాంకోళ్ళు గుర్తులు. చిత్రంగా, గృహస్థాశ్రమంలోకి అడుగుపెట్టే పెళ్ళికొడుక్కీ అవే పాంకోళ్ళు. బ్రహ్మచారికి గొడుగు, చెప్పులు కూడదని మనుస్మృతి రెండో అధ్యాయం చెబుతుంది. చదువు ముగించే సంస్కారమైన స్నాతకంతో ఆ నిషేధం తీరుతుంది. అందుకే కాశీయాత్రలో గొడుగు, చేతికర్ర, పాంకోళ్ళు ఒకేసారి వస్తాయి. కాశీకి బయలుదేరిన బావను బావమరిది బెల్లంముక్క పెట్టి వెనక్కి తిప్పుతాడు. పోయినవారి పేర ఇచ్చే దానాల్లోనూ గొడుగు, పాదరక్షలు ఉంటాయి. యమలోకపు దారి కాలే ఇసుక, ముళ్ళు అన్న ఊహ దానికి ఆధారం.

పాదుక సంగతి వేరు. అది మనిషి లేని చోట మనిషికి బదులు. వాల్మీకి అయోధ్యాకాండలో భరతుడు రాముడి ముందుంచేవి ‘హేమభూషితే’, అంటే బంగారం తొడిగిన పాదుకలు. రాముడు వాటిమీద ఒకసారి కాలుపెట్టి ఇస్తాడు. 14 ఏళ్ళు నందిగ్రామంలో రాజ్యం వాటి పేర సాగుతుంది. అదే తర్కం మహారాష్ట్రలో ఏటా నడుస్తుంది. ఆషాఢ ఏకాదశికి ఆళంది నుంచి జ్ఞానేశ్వరుడి పాదుకలు, దేహూ నుంచి తుకారాం పాదుకలు పల్లకిలో పండరికి వెళ్తాయి. నాందేడ్ జిల్లా మాహుర్‌లో దత్తశిఖరం ఉంది. ఆదిలాబాద్ తెలుగువాళ్ళు తరచూ వెళ్ళే ఆ దత్త సంప్రదాయంలో పాదుకపూజే ప్రధానం. వైష్ణవాలయాల్లో తలమీద పెట్టే శఠగోపం పైన ఉండేవీ స్వామి పాదాలే. కిరీటంలా కనబడుతుంది కాబట్టి చాలామంది గమనించరు.

పురుగులను తొక్కకుండా ఉండటానికేనా?

కింద రెండు కాళ్ళే ఆనుతాయి గనుక పురుగులు తక్కువ చస్తాయని, అహింస కోసమే పాంకోళ్ళు పుట్టాయని తరచూ వినబడే మాట. తాకే మేర తక్కువన్నది నిజమే. కాని బౌద్ధ భిక్షువుల నియమావళి అయిన వినయంలోని మహావగ్గం దీనికి సరిగ్గా ఎదురు చెబుతుంది. కొందరు భిక్షువులు తెల్లవారుజామున చెక్కపాదుకలు వేసుకుని టకటకమంటూ తిరిగి, ధ్యానానికి భంగం చేయడమే కాక పురుగులను తొక్కి చంపుతున్నారని ఫిర్యాదు వస్తే, బుద్ధుడు చెక్కపాదుకలను వద్దన్నాడు. వట్టికాలికి స్పర్శ తెలుస్తుంది, చెక్కకు తెలియదు. మరుగుదొడ్డి, మూత్రశాల వంటి చోట్ల నేలకే అమర్చిన పాదుకలకు మాత్రం అనుమతి ఇచ్చాడు. అహింస అర్థం తర్వాత చేరి ఉండవచ్చు. తడి, వేడి, మడి అన్నవే మొదటి కారణాలుగా తోస్తాయి.

నరాలు, విద్యుత్తు

గుబ్బ వేళ్ళ మధ్య నరాన్ని నొక్కి జబ్బులు నయం చేస్తుందనీ, చెక్క ఒంట్లోని విద్యుత్తును భూమిలోకి పోనివ్వదనీ వాట్సాప్‌లో తిరుగుతోంది. చెక్క విద్యుత్తును అడ్డుకుంటుంది, హవాయి చెప్పూ అడ్డుకుంటుంది. అందులో ప్రత్యేకత లేదు, వైద్యమూ లేదు. పాంకోడు నిజంగా చేసేది వేరు. పలక వంగదు కాబట్టి వేళ్ళ కీళ్ళు వంగవు, అడుగు కురచబడుతుంది, గుబ్బను పట్టుకోవడానికి పాదంలోని చిన్న కండరాలు పనిచేస్తాయి. అలవాటు లేనివాళ్ళకు పావుగంటలో వేళ్ళ సందు ఒరుసుకుంటుంది. ఎత్తు మీద మడమ పక్కకు మెలిపడే ప్రమాదమూ ఉంది. మధుమేహంతో పాదాలకు స్పర్శ తగ్గినవాళ్ళు, ముఖ్యంగా బుడిపెలున్న ‘ఆక్యుప్రెషర్’ చెక్కచెప్పులకు దూరంగా ఉండాలి. పుండు పడినా వాళ్ళకు తెలియదు.

ఇప్పుడు కొనేవాళ్ళకు

రోజువారీ వాడకంలోంచి పాంకోళ్ళను తప్పించింది రబ్బరు. 1930ల మొదట్లో కోల్‌కతా దగ్గర కొన్నగర్‌లో బాటా మొదలయ్యాక కార్ఖానా చెప్పు చౌకబడుతూ వచ్చింది. తర్వాత వచ్చిన హవాయి చెప్పు బావిచప్టాను కూడా ఆక్రమించింది. అది తడికి చెడదు, తోలూ కాదు. మిగిలిన గిరాకీ పెళ్ళి, పూజ.

కాశీయాత్రకు కొనే జతను తిప్పి చూడాలి. అంచుల్లో ఈనెలు కనబడకుండా పిండిలా ఉంటే అది పొట్టు అదిమి చేసిన అట్టపలక. తడి తగిలితే ఉబ్బుతుంది, గుబ్బ పెకిలి వస్తుంది. పైన వార్నిష్ మెరుస్తుంటే ఇంకా జాగ్రత్త. పారాణి ఆరని కాలు వార్నిష్ మీద సబ్బు మీద జారినట్టు జారుతుంది, కింద షామియానా తివాచీ ముడత ఉంటే పెళ్ళికొడుకు పడటానికి అంతకంటే ఏం కావాలి. పలక పైభాగాన్ని గరుకు కాగితంతో అడ్డంగా రుద్ది, సన్నని గీతలు పడనిచ్చి, కానుగ నూనె ఒక్క పూత వేసి తుడిచేస్తే చాలు. ఇంట్లో పాత జత ఉండి ఎండాకాలంలో గుబ్బ వదులైతే మేకు కొట్టవద్దు, పలక చీలుతుంది. నీళ్ళలో నానబెడితే గొడ్డలి కామలా రెండు రోజులు బిగుస్తుంది, ఆరగానే మళ్ళీ వదులవుతుంది. కింద పాత చీలను ఊడదీసి, ఆరిన తుమ్మతో కాస్త మందమైనది చెక్కి కొట్టాలి; చీల పలక ఈనెకు అడ్డంగా పడాలి.